వేలు ఆమెది, నష్టం ఆమెది, జరిమానా ఖజానాది

బ్యాంకు దగ్గరో, అప్పులిచ్చే కంపెనీ దగ్గరో ఉన్న మన వివరాలు బయటికి పొక్కి, వాటి సాయంతో ఎవరో మన ఖాతా ఖాళీ చేస్తే ఆ నష్టం ఎవరు భరించాలి? దాచమని ఇచ్చిన సొమ్మును పోగొట్టినవాడే కట్టివ్వాలని ఏ ఊరి పంచాయితీ అయినా చెబుతుంది. 2009 నుంచి మన చట్టంలో కూడా ఆ మాట ఒక మూల ఉంది. ఇప్పుడు దాన్ని తీసేస్తున్నారు. ఈ సంగతి మహిళా సంఘాల చర్చల్లోకి రావలసినంతగా రాలేదు. సమాచార రక్షణ అంటే నగరాల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ల గొడవ అనే అభిప్రాయం మనలో పాతుకుపోయింది. అది ఎంత తప్పో తెలియాలంటే విషయాన్ని జైనూర్ నుంచి చూడాలి.

జైనూర్ ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, 2016 నుంచి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న ఏజెన్సీ మండలం. ఇక్కడి గోండు, కోలాం స్త్రీలలో చాలామందికి బ్యాంకు అంటే అద్దాల గది కాదు. చిన్న యంత్రం పట్టుకుని కూర్చునే బ్యాంకు మిత్రే వాళ్ల బ్యాంకు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే డబ్బు చేతికొస్తుంది. కార్డు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. 2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలీని ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకే వేయాలని కేంద్రం తప్పనిసరి చేసింది. కాబట్టి ‘నా ఆధార్ ఇవ్వను’ అనే స్వేచ్ఛ ఈ స్త్రీకి లేదు. ఇస్తేనే కూలీ, ఇవ్వకపోతే పస్తు. ఇలా బలవంతంగా తీసుకున్న వివరానికి తీసుకున్నవాళ్లే పూచీ పడాలి కదా?

పూచీ ఎలా ఉందో చూద్దాం. 2017 మేలో ‘సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ’ ఒక నివేదిక ప్రకటించింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను మాత్రమే వాళ్లు పరిశీలించారు. రెండు కేంద్రానివి: సామాజిక పింఛన్లది, ఉపాధి హామీది. రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి చెల్లింపులది, చంద్రన్న బీమాది. ఈ నాలుగింటిలోనే సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరైనా చూడగలిగేలా పడి ఉన్నాయని అంచనా వేశారు. పింఛను తీసుకునే వితంతువులు, ఉపాధి పనికి వెళ్లే కూలీలు, అసంఘటిత కార్మికులు: ఎవరి వివరాలు బజారున పడ్డాయో వేరే చెప్పాలా? దీనికి ఆధార్ సంస్థ స్పందన ఏమిటంటే, ఆ నివేదిక రాసిన సంస్థకే ఉత్తరం పంపి సంజాయిషీ అడగడం.

నంబరు పోతే పోయింది, వేలు మన దగ్గరే ఉంది కదా అనుకోవచ్చు. 2018 జూన్‌లో మన పక్కనే పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అందుబాటులో ఉన్నాయి. వాటిమీద వేలిముద్రలున్నాయి, ఆధార్ నంబర్లున్నాయి. ఆ ముద్రలతో రబ్బరు వేళ్లు తయారుచేసి వేల సిమ్‌కార్డులు చేతనం చేశాడని పోలీసులు చెప్పారు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఇదే పద్ధతిని బ్యాంకు ఖాతాల మీద ప్రయోగించింది. రిజిస్ట్రేషన్ పత్రాల మీది ముద్రలకు నకళ్లు తీసి, ఆధార్ చెల్లింపుల యంత్రంతో ఊరూపేరూ తెలియనివాళ్ల ఖాతాల నుంచి డబ్బు లాగింది. తాళం చెవి పోతే తాళం మార్చుకుంటాం. పిన్ను తెలిసిపోతే కొత్తది పెట్టుకుంటాం. వేలు తెలిసిపోతే ఏం చేస్తాం?

దొంగ ముద్ర కూడా అక్కర్లేని దారి ఇంకొకటుంది. పత్తి తీసి, తునికాకు కోసి, బండెడు చాకిరీ చేసిన వేళ్లమీద గీతలు అరిగిపోతాయి. యంత్రం చదవదు. “వేలు పడలేదు, మళ్లీ పెట్టు” అంటాడు యంత్రం దగ్గరివాడు. పెడుతుంది. “పడలేదు, ఇంకోసారి.” నిజంగా పడలేదా, పడి డబ్బు అటు పోయిందా అన్నది ఆమెకు తెలిసే వీలు లేదు. సందేశం వచ్చే ఫోను ఆమెది కాదు, భర్తదో కొడుకుదో. ఆ నంబరైనా ఖాతాకు కలిపి ఉంటేనే. పాస్‌బుక్ అచ్చు వేయించుకోవాలంటే కూలీ మానుకుని శాఖకు పోవాలి.

డబ్బు పోయిందని తెలిశాక ఏం జరుగుతుంది? మొదట ఇంట్లో నేరం ఆమెది: “ఎక్కడ వేలు పెట్టొచ్చావు?” బ్యాంకులో నేరం ఆమెది: “నీ వేలు లేకుండా డబ్బెలా పోతుంది?” చివరికి మన అవగాహన సదస్సుల్లో కూడా, మాట మెత్తగా ఉన్నా, నేరం ఆమెదే: “ఎవరికీ ఓటీపీ చెప్పొద్దమ్మా, జాగ్రత్తగా ఉండాలమ్మా.” ఓటీపీయే లేని చెల్లింపులో ఓటీపీ చెప్పొద్దనడం ఏం సలహా? బయోమెట్రిక్‌కు తాళం వేసుకోమంటారు. వేసుకుంటే దొంగ ఆగుతాడు, ఆమె కూలీ కూడా ఆగుతుంది. అత్యాచారం జరిగితే ‘ఆ వేళప్పుడు ఎందుకు బయటికెళ్లింది’ అని అడిగే సమాజమే ఇక్కడ ‘వేలెందుకు పెట్టింది’ అని అడుగుతోంది. జాగ్రత్త బాధితురాలి బాధ్యత, నిర్లక్ష్యం సంస్థ హక్కు! స్వచ్ఛంద సంస్థలు బ్యాంకుల డబ్బుతో ‘ఆర్థిక అక్షరాస్యత’ శిబిరాలు నడుపుతున్నప్పుడు ఈ లెక్కను ప్రశ్నించడం మరింత కష్టమవుతుంది. అయినా ప్రశ్నించాలి.

వేలిముద్రతో మోసపోవడం ఈ గడ్డకు కొత్త కాదు. 1940లో కుమ్రం భీము జోడేఘాట్ కొండల్లో నేలకొరిగాక, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ నివసించిన మార్లవాయి ఈ జైనూర్ మండలంలోనే ఉంది. బయటినుంచి వచ్చిన షావుకార్ల చేతుల్లోకి, భూస్వాముల చేతుల్లోకి ఆదివాసీ భూమి ఎలా జారిపోయిందో ఆయన రాశాడు. చదువురానివాళ్లకు కాగితం మీద ఏముందో తెలియదు, ముద్ర మాత్రం వాళ్లది. న్యాయస్థానం ముద్రను చూస్తుంది, ముద్ర ఎలా పడిందో చూడదు.

ఆ అన్యాయానికి విరుగుడుగా వచ్చిందే 1959 నాటి భూమి బదలాయింపు నిబంధన, దాన్ని సవరించిన 1/70. ఆదివాసీ ఉద్యమాల్లో పనిచేసే ప్రతి కార్యకర్తకూ 1/70 పేరు తెలుసు. అందులోని అసలు కీలకం మాత్రం ఒక చిన్న వాక్యంలో ఉంది. ఏజెన్సీలో ఆదివాసీయేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, అలా కాదని రుజువయ్యేదాకా, ఆదివాసీ నుంచి వచ్చిందనే భావించాలి. అంటే రుజువు చేసుకునే భారం ఆదివాసీ మీద కాదు, భూమి పట్టుకుని కూర్చున్నవాడి మీద. కాగితాలు, వకీళ్లు, తీరిక ఎవరి దగ్గరున్నాయో వాళ్లే రుజువు తేవాలి. ఇది దయ కాదు, న్యాయం. అమలులో ఎన్ని తూట్లు పొడిచినా సూత్రం నిలిచింది. సమాచారం విషయంలో మనం అడగవలసింది సరిగ్గా ఇదే సూత్రాన్ని.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న వాణిజ్య బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు, పేమెంట్స్ బ్యాంకులకు ఇచ్చిన ఉత్తర్వు ఈ మాటే చెప్పింది. ఖాతాదారు అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీలో తప్పు ఖాతాదారుదని రుజువు చేయవలసింది బ్యాంకే. లోపం బ్యాంకుదైతే ఆమె ఫిర్యాదు చేసినా చేయకపోయినా ఆమెకు నష్టం సున్నా. లోపం బ్యాంకుదీ కాక, ఆమెదీ కాక మధ్యలో ఇంకెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోగా చెప్పినా సున్నాయే. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే, సాధారణ జీరో బ్యాలెన్స్ ఖాతాదారు భరించే నష్టం 5,000 రూపాయలకు మించకూడదు. చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తం తిరిగి ఖాతాలో చూపాలి, 90 రోజుల్లో విషయం తేల్చాలి.

ఇందులో కార్యకర్తలు గుర్తుపెట్టుకోవలసిన మాట ‘సమాచారం అందాక’ అన్నది. గడియారం డబ్బు పోయిన క్షణం నుంచి తిరగదు, ఆమెకు కబురు అందిన మర్నాటి నుంచి తిరుగుతుంది. అదీ ఆమె శాఖ పనిచేసే రోజుల లెక్కన. 2024 సెప్టెంబర్‌లో ఒక ఆదివాసీ స్త్రీపై దాడి తర్వాత జైనూర్‌లో గృహదహనాలు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. అలాంటి రోజుల్లో ‘మూడు రోజుల్లో ఎందుకు చెప్పలేదు’ అని ఏ మేనేజరు అడగగలడు? ఫోను లేని ఆమెకు సందేశం అందనే లేదంటే ఆలస్యం ఆమెది ఎలా అవుతుంది? ఈ వాదన మనం గట్టిగా, కాగితం మీద, రసీదు తీసుకుని చేయాలి.

వాదిస్తే గెలుస్తారా అంటే, గెలిచారు. అస్సాంలో ఒక ఖాతాదారు ఒక దుస్తుల కంపెనీ వెబ్‌సైట్‌లో కొన్నాడు. ఆ వెబ్‌సైట్ సమాచారం బయటికి పొక్కింది. మోసగాళ్లు అతని స్టేట్ బ్యాంకు ఖాతా నుంచి 94 వేల రూపాయల పైచిలుకు లాగేశారు. బ్యాంకు తన తప్పు లేదంది. గౌహతి హైకోర్టు 2017 ఉత్తర్వునే ఆధారం చేసుకుని బ్యాంకే కట్టాలంది. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. తమిళనాడులో 2010లో ఐటి చట్టం కింద విచారణాధికారిగా ఉన్న రాష్ట్ర ఐటి కార్యదర్శి, మోసపోయిన ఖాతాదారుకు 12 లక్షల 85 వేలు చెల్లించమని ఐసిఐసిఐ బ్యాంకును ఆదేశించాడు. ఈ ఇద్దరూ చదువుకున్న మగవాళ్లు, హైకోర్టు దాకా, సచివాలయం దాకా పోగలిగినవాళ్లు. జైనూర్ స్త్రీ దగ్గర అదే చట్టముంది, అక్కడిదాకా పోయే దారి లేదు. ఆ దారి వేయడమే సంఘాల పని.

ఇప్పుడు తీసేస్తున్న చట్టం సంగతికొద్దాం. ఐటి చట్టం 43ఎ సెక్షన్ 2009 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చింది. బ్యాంకు ఖాతా వివరాలు, వేలిముద్రల వంటి సున్నితమైన సమాచారాన్ని పెట్టుకున్న కంపెనీ తగిన భద్రత పాటించకుండా ఎవరికైనా నష్టం కలిగిస్తే పరిహారం చెల్లించాలని దాని సారాంశం. ఐదు కోట్ల రూపాయల వరకు విచారించే అధికారం రాష్ట్ర ఐటి కార్యదర్శిది. లోపాలు లేవా అంటే ఉన్నాయి. ప్రభుత్వ శాఖలు దాని కిందికి రావు, కాబట్టి రిజిస్ట్రేషన్ శాఖను అడగలేం. నిర్లక్ష్యాన్ని రుజువు చేసే భారం బాధితురాలిదే. హైదరాబాద్ ఇక్కడికి సుమారు 300 కిలోమీటర్లు. అయినా ‘నష్టపోయినవాళ్లకు చెల్లించు’ అనే మాట అందులో ఉంది.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ సెక్షన్‌ను కొట్టేసింది. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చట. ఎంత గొప్ప! ఆ జరిమానా మాత్రం దేశ సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు పోతుంది. నష్టపోయిన స్త్రీకి ఈ చట్టం కింద పైసా పరిహారం లేదు. 2018లో శ్రీకృష్ణ కమిటీ రాసిన ముసాయిదాలో పరిహారం ఉంది, 2019 బిల్లులో ఉంది, 2023 చట్టంలో లేదు. మరిచిపోయారని అనుకోవడానికి వీల్లేదు, చూసి తీసేశారు. ఇంకో ముచ్చట. ‘తప్పుడు’ లేదా ‘పనికిమాలిన’ ఫిర్యాదు చేయకూడదని ఆమెకు విధులు కూడా నిర్ణయించి, తప్పితే 10,000 రూపాయల దాకా జరిమానా పెట్టారు. వివరాలు పోగొట్టిన సంస్థ నుంచి ఆమెకు వచ్చేది సున్నా, ఫిర్యాదు నిలవకపోతే ఆమె కట్టేది పది వేలు! ఉపాధి కూలీకి పది వేలంటే ఎన్నాళ్ల కష్టమో ఆ రాసినవాళ్లకు తెలుసా?

2025 నవంబర్‌లో కేంద్రం ఈ చట్టానికి నియమాలు ప్రకటించింది. 43ఎ రద్దుతో సహా ముఖ్యమైన భాగాలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి రావాలి. సమాచారం పొక్కితే బాధితులందరికీ తెలియజేయాలని చట్టంలో ఉంది. మంచిదే. తెలియజేసేది నమోదైన ఫోనుకో, ఖాతాకో. ఆ ఫోను ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలుసు. గోండీ, కోలామీ మాట్లాడే స్త్రీకి ఇంగ్లీషు సందేశం భర్త ఫోనులో వస్తే దాన్ని తెలియజేయడం అందామా?

పరిహారం ఇవ్వడం అసాధ్యమనే వాదన కూడా వింటుంటాం: ఇంతమందికి ఎలా ఇస్తారు, నష్టం ఎలా లెక్కిస్తారు? అమెరికాలో ఈక్విఫాక్స్ అనే పరపతి సమాచార సంస్థ నుంచి 2017లో 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. 2019 ఒప్పందంలో బాధితుల కోసం 42.5 కోట్ల డాలర్ల దాకా కేటాయించవలసి వచ్చింది. అక్కడా మోసం లేకపోలేదు. తలా 125 డాలర్లని ఊరించి, ఆ నగదు కోసం 3.1 కోట్ల డాలర్లే పక్కన పెట్టారు. అడిగినవాళ్లు ఎక్కువైతే అందరికీ చిల్లరే మిగులుతుంది. కాబట్టి అమెరికా మనకు ఆదర్శమని చెప్పడం లేదు. డబ్బు బాధితులకు చేరాలనే సూత్రాన్ని అంత పెద్ద సంస్థ చేతనైనా ఒప్పించవచ్చని మాత్రం తేలింది.

ఇక్కడా నమూనా ఉంది. అప్పు చరిత్రలో తప్పు సరిదిద్దమని ఎవరైనా అడిగాక 30 రోజులు దాటితే, రోజుకు 100 రూపాయల చొప్పున వాళ్లకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబర్‌లో ఆదేశించింది. 2024 ఏప్రిల్ నుంచి అమలు చేయమంది. వకీలు అక్కర్లేదు, మానసిక వేదన రుజువు చేయనక్కర్లేదు. ఆలస్యమైతే రోజుకు వంద, అంతే. అప్పు రికార్డులో పొరపాటుకు ఇది సాధ్యమైనప్పుడు, వేలిముద్ర దొంగల పాలైనదానికి ఎందుకు సాధ్యం కాదు?

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. డబ్బు పోయిన రోజే 1930కి ఫోను, బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు, దానికి రసీదు. ఆ లావాదేవీ ఏ యంత్రం మీద, ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు, ఏ బ్యాంకు తరపున జరిగిందో ఇమ్మని అదే కాగితంలో అడగాలి. జైనూర్‌లో పత్తి తీస్తున్న స్త్రీ అదే గంటలో ఇంకో రాష్ట్రంలో వేలు పెట్టిందని బ్యాంకు ఎలా చెబుతుందో చూద్దాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపాలి. రుసుము లేదు, తెలుగులో రాయొచ్చు. 2021 పథకం పోయిన సొమ్ముతో పాటు తిరిగిన ఖర్చుకు, పోయిన పనిదినాలకు, మానసిక క్షోభకు లక్ష రూపాయల దాకా విడిగా ఇవ్వొచ్చంది. ఆమె తరపున వకీలు రాకూడదు గానీ, ఆమె అధికారమిచ్చిన సంఘం కార్యకర్త రావచ్చు. మనలాంటివాళ్లకు ఇంతకన్నా తెరిచిన తలుపు ఏముంది? వినియోగదారుల కమిషన్‌లో ఒకే నష్టం జరిగిన అనేకమంది తరపున ఒకరు ఫిర్యాదు చేయడానికి 2019 చట్టం వీలిస్తోంది. కంపెనీల నిర్లక్ష్యం ఉన్నచోట 43ఎ కింద కూడా, అది ఉండగానే, ఫిర్యాదులు వేయాలి. ఒక్కొక్కరు విడిగా పోతే ‘వేలెందుకు పెట్టావు’ అంటారు. నలభైమంది కలిసి పోతే ఆ మాట అనడానికి ఆలోచిస్తారు.

వీటితో పాటు ప్రభుత్వం ముందు మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఒకటి: వసూలయ్యే జరిమానాలో మొదటి వాటా నష్టపోయినవాళ్లకు చేరాలి, పరిహారపు హక్కును తిరిగి చట్టంలో పెట్టాలి. రెండు: అది ప్రభుత్వ శాఖలకూ వర్తించాలి. బలవంతంగా వేలు తీసుకున్నవాడికి మినహాయింపు ఏమిటి? మూడు: 1/70లో లాగా, వివరాలు పెట్టుకున్న సంస్థదే తప్పని చట్టం ముందుగా భావించాలి, కాదని అదే రుజువు చేసుకోవాలి. నాలుగు: షెడ్యూల్డు ప్రాంతాల్లో సమాచారం పొక్కిన సంగతి గ్రామసభలో, జనం మాట్లాడే భాషలో చెప్పాలి. ఆదివాసీలకు అప్పులిచ్చే వ్యాపారంపై అదుపు గ్రామసభకు కూడా ఉండాలని 1996 పెసా చట్టం చెప్పింది. అప్పు కోసం తీసుకున్న వేలిముద్ర, ఫొటో, ఆధార్ ఏమయ్యాయని అడిగే అధికారం అందులో భాగమేనని మనం వాదించాలి. ఐదు: ఫిర్యాదు చేసినందుకు జరిమానా వేసే ఆ పది వేల నిబంధన రద్దు కావాలి.

షావుకారు చేతిలోని కాగితం మీద పడిన ముద్రకు సమాధానం చెప్పించడానికి ఆదివాసీలు ప్రాణాలిచ్చారు, తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఇవాళ కాగితం లేదు, షావుకారు కనిపించడు, ముద్ర మాత్రం అదే. 2027 మే రాకముందే ఎన్ని ఫిర్యాదులు దాఖలు చేయగలమో, ఎన్ని గ్రామసభల్లో ఈ మాట మాట్లాడగలమో ప్రతి సంఘం లెక్క వేసుకోవాలి.